వేలికి టార్చ్ ఆనిస్తే ఎముక ఎందుకు కనపడదు

చీకటి గదిలో ఫోన్ టార్చ్ వెలిగించి, దాని మీద చూపుడు వేలు ఆనించి చూడండి. వేలంతా ఎర్రగా వెలుగుతుంది. చిన్నప్పుడు దాదాపు అందరం టార్చ్‌లైటుతో ఆడిన ఆటే, కాకపోతే అప్పుడు మనకి తట్టని ప్రశ్న ఒకటుంది. వెలుతురు ఇవతలికి వచ్చిందంటే వేలిని దాటుకునే వచ్చింది కదా, వేలి మధ్యలో ఎముక ఉంది కదా, మరి దాని నీడ ఏది? 1895లో రాంట్‌జెన్ తన భార్య చేతిని ఎక్స్-రే తీస్తే ఎముకలు విడివిడిగా, వేలికున్న ఉంగరంతో సహా పడ్డాయి. మన టార్చ్ వెలుతురులో మాత్రం ఎముక ఆనవాలు కూడా ఉండదు, అంతా ఒకే ఎర్రటి ముద్ద.

నేను రోజూ చేసే పని ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. శరీరంలోకి దూరిన కాంతి ఏ దారుల్లో తిరిగి, ఎక్కడ బయటపడుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. ఈ మాట చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఒక్కటే: "ఈ లైటు ఎంత లోతుకి వెళ్తుందండీ?" ఇన్ని మిల్లీమీటర్లు అని ఒక్క ముక్కలో చెప్పడం నాకెప్పుడూ కష్టమే. కాంతి మన ఒంట్లో తిన్నగా పోతే కదా లోతు చెప్పడానికి! లోపలికెళ్లి, దారి తప్పి, అటూ ఇటూ తిరిగి, అందులో కొంత ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. బయటపడింది లోపల ఎక్కడెక్కడ తిరిగొచ్చిందనేదే నిజంగా తెలియాల్సిన సంగతి, డిటెక్టరుకి తెలియనిది కూడా అదే. ఇంత వెలుతురు పడింది అని తప్ప డిటెక్టర్ ఇంకేమీ చెప్పలేదు. ఆ మిగతా కథంతా సిమ్యులేషన్ చెప్తుంది. ఈ పని మీద నాకింత ఇష్టం ఉండటానికి కారణం అదే.

శరీరం కాంతిని మింగేస్తుంది కాబట్టి లోపలివి కనపడవని చాలామంది అనుకుంటారు. నీలం, ఆకుపచ్చ విషయంలో అది చాలావరకు నిజమే, వాటిని రక్తంలోని హిమోగ్లోబిన్ బాగా పీల్చేస్తుంది, వేలు ఎర్రగా కనిపించేది అందుకే. కానీ సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల మధ్య, అంటే ఎరుపు నుంచి కంటికి కనపడని పరారుణం మొదటి భాగం దాకా, హిమోగ్లోబిన్ పట్టు బాగా సడలుతుంది, నీరు పీల్చుకోవడం కూడా ఇంకా పెద్దగా మొదలవ్వదు. ఆ సందులో ఒక ఫోటాన్, అంటే ఒక కాంతి రేణువు, మాయమైపోకుండా సగటున కొన్ని సెంటీమీటర్ల దారి నడవగలదు. కాబట్టి అక్కడ మన తలనొప్పి శోషణ (పీల్చుకోవడం) కాదు, పరిక్షేపణం (చెదరగొట్టడం). కణాల పొరలు, కేంద్రకాలు, మైటోకాండ్రియా, కొల్లాజెన్ పోగులు, వీటి వక్రీభవన గుణకాలకీ (కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకెలు) చుట్టూ ఉన్న ద్రవానికీ కొద్దికొద్దిగా తేడా ఉంటుంది, ఫోటాన్ పక్కకి తిరగడానికి ఆ కాస్త తేడా చాలు. సుమారు 0.1 మిల్లీమీటరుకి ఒకసారి, అంటే ఒక వెంట్రుక మందమంత దూరానికి ఒకసారి, దాని దిశ మారుతూనే ఉంటుంది. పొగమంచులో హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప రోడ్డు కనపడకపోవడం తెలుసు కదా, అదే సంగతి. మంచు వెలుతురుని తినేయలేదు, చిందరవందర చేసింది, అంతే.

తమాషా ఏమిటంటే ఈ లెక్కల్లో సగం నక్షత్రాల దగ్గర నుంచి వచ్చినవే. నక్షత్రాల వాతావరణంలో కాంతి ఎలా ప్రయాణిస్తుందో తేల్చడానికి ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1940ల్లో ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్న రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ సమీకరణమే మన చర్మానికీ, మెదడుకీ పనికొస్తోంది. ఫోటాన్ ఒకసారి ఢీకొన్నాక ఎంత కోణంలో తిరుగుతుందో చెప్పడానికి మేం వాడే సూత్రం హెన్యే, గ్రీన్‌స్టైన్ అనే ఇద్దరు 1941లో రాసింది, వాళ్ల దృష్టిలో ఉన్నది నక్షత్రాల మధ్య ఉండే ధూళి. పాలపుంతలోని ధూళి కోసం రాసిన సూత్రం చంటిపిల్లల నుదుటి చర్మానికి సరిపోవడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయమే.

సమీకరణం ఉంది కానీ చిక్కల్లా దాన్ని సాధించడంలో ఉంది. శరీరం ఆకారం వంకరటింకరగా ఉంటుంది, పొర పొరకీ లక్షణాలు మారిపోతాయి. ఒక షార్ట్‌కట్ ఉంది: కాంతి ఎన్నోసార్లు దిశ మారాక ఇక దానికి మొదటి దిశ గుర్తుండదు కాబట్టి, నీళ్లలో సిరా చుక్క వ్యాపించినట్టు వ్యాపిస్తుందని అనుకోవచ్చు. ఈ డిఫ్యూజన్ పద్ధతి చాలా వేగంగా సమాధానం ఇస్తుంది. కాకపోతే పరిక్షేపణం శోషణ కంటే చాలా ఎక్కువగా ఉన్నచోటే, అదీ లైటు పెట్టిన చోటుకి కాస్త దూరంలోనే, దాన్ని నమ్మొచ్చు. తలలో పుర్రెకీ మెదడుకీ మధ్య ఒక పలుచని ద్రవం పొర ఉంటుంది, అది దాదాపు నీళ్లలా తేటగా ఉంటుంది, అక్కడ ఫోటాన్ చెదరకుండా దూసుకుపోతుంది, దాంతో షార్ట్‌కట్ తడబడుతుంది. మనకి కావాల్సిన మెదడు సరిగ్గా ఆ పొర కిందే ఉంది మరి.

అందుకే నేను మాంటీ కార్లో పక్షం. 1940ల్లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఉలామ్, వాన్ నాయ్‌మన్‌లు న్యూట్రాన్ల దారులు లెక్కగట్టడానికి మొదలుపెట్టిన పద్ధతి ఇది. విల్సన్, ఆడమ్ 1983లో దీన్ని కణజాలంలో కాంతికి వాడారు. 1995లో లిహాంగ్ వాంగ్, స్టీవెన్ జాక్స్, లిచియోంగ్ జెంగ్ ఎం.సి.ఎం.ఎల్ అనే ప్రోగ్రామ్ వివరాలు ప్రచురించి, కోడ్ కూడా అందరికీ ఇచ్చేశారు. ఈ రంగంలో చాలామందికి అదే ఓనమాలు, నాక్కూడా.

పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఒక ఫోటాన్ని తీసుకుంటాం. అది తర్వాత ఎంత దూరం పోయి ఢీకొంటుందో ముందే ఎవరూ చెప్పలేరు, అందుకని పాచికలు వేస్తాం: సున్నాకీ ఒకటికీ మధ్య ఒక రాండమ్ నంబర్ తీసి, దాని సహజ సంవర్గమానం (లాగరిథమ్) గుర్తు మార్చి, సగటు అడుగు దూరంతో గుణిస్తాం. సగటు అడుగు 0.1 మిల్లీమీటర్ అనుకుందాం. 0.9 పడితే ఫోటాన్ 0.01 మిల్లీమీటర్ నడిచి ఆగుతుంది. 0.5 పడితే 0.07. 0.05 లాంటి చిన్న సంఖ్య పడితే ఏకంగా 0.3 మిల్లీమీటర్లు దూసుకెళ్తుంది. ఆగిన చోట రెండు పనులు జరుగుతాయి. ఒకటి, దాని బరువులో, అంటే అది మోస్తోందని మేం లెక్కేసుకునే కాంతి వాటాలో, కొంత అక్కడ వదిలేస్తుంది, అది ఆ కణజాలం పీల్చుకున్న వాటా. ఎరుపు, పరారుణాల దగ్గర ఈ వాటా అడుగుకి సుమారు 0.2 శాతమే. రెండు, మళ్లీ పాచికలేసి కొత్త దిశ తీసుకుంటుంది. కణజాలంలో ఫోటాన్ ఎక్కువగా ముందుకే తోసుకుపోతుంది, ఒక్కో ఢీకి సగటున పాతిక డిగ్రీల పైచిలుకు మాత్రమే పక్కకి తిరుగుతుంది, కాబట్టి తను మొదట ఎటు బయల్దేరిందో పూర్తిగా మర్చిపోవడానికి దానికి పది ఢీల దాకా పడుతుంది. పొర మారిన ప్రతిచోటా అద్దం మీద పడ్డట్టే కొంత వెనక్కి తుళ్లొచ్చు, దానికీ పాచికే. బరువు మరీ తగ్గిపోయాక, ఉదాహరణకి పదివేలలో ఒక వంతు కంటే తగ్గాక, దాని వెంటపడటం దండగ, కానీ ఊరికే చంపేస్తే శక్తి లెక్క తప్పుతుంది. అందుకని పదింట ఒక అవకాశం ఇస్తాం: బతికితే బరువు పదింతలు చేస్తాం, లేదంటే అక్కడితో దాని కథ ముగిసింది. సగటున లెక్క సరిపోతుంది. ఇంత చిన్న ఉపాయంలో ఎంత న్యాయం ఉందో చూడండి.

ఇలా ఒక ఫోటాన్ కాదు, లక్షలు, కోట్లు. ఫలితంలో నలుసు (నాయిస్, అంటే అంకెలు అటూ ఇటూ ఊగడం) పదో వంతుకి తగ్గాలంటే ఫోటాన్లు వంద రెట్లు కావాలి, ఆ వర్గమూలం దెబ్బ నుంచి తప్పించుకోలేం. ఒకప్పుడు రాత్రంతా నడిచే లెక్క ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు మీద చూస్తుండగానే అయిపోతోంది, ఎందుకంటే ఏ ఫోటాన్‌కీ ఇంకో ఫోటాన్‌తో సంబంధం లేదు, వేల దారుల్ని ఒకేసారి నడిపించొచ్చు. 2009లో చియాన్‌చియాన్ ఫాంగ్, డేవిడ్ బోయాస్ ఇది చేసి చూపించారు, ఎం.సి.ఎక్స్ అనే వాళ్ల ప్రోగ్రామ్ ఈరోజుకీ అందరూ వాడుతున్నారు.

నేను మొదటిసారి సొంతంగా గ్రాఫిక్స్ కార్డు మీద కోడ్ రాసినప్పుడు జరిగింది చెప్పాలి, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా అది పనికొస్తుంది. కొత్త కోడ్‌ని పరీక్షించడానికి ఒక పాత ఉదాహరణ ఉంది: 0.2 మిల్లీమీటర్ల పలక, సెంటీమీటరుకి శోషణ 10, పరిక్షేపణం 90, ముందుకు తోసే గుణం 0.75. లోపలా బయటా వక్రీభవన గుణకం ఒకటే. ఇలాంటి లెక్కలకి ప్రమాణంగా తీసుకునే వాన్ డి హల్స్ట్ పట్టికల ప్రకారం వెనక్కి రావాల్సిన వాటా 0.09739, అవతలికి దాటాల్సిన వాటా 0.66096. నా కోడ్ ఒకసారి నడిపితే వెనక్కి వచ్చింది 0.104, ఇంకోసారి 0.091. అదీ పదిలక్షల ఫోటాన్లతో! అన్ని ఫోటాన్లతో మూడో దశాంశం దాకా కదలకుండా రావాలి. శక్తి లెక్క చూశాను, వెనక్కి వచ్చింది, పీల్చుకున్నది, దాటింది, మూడూ కలిపితే చక్కగా ఒకటి. కోణాల లెక్క మళ్లీ కాగితం మీద చేశాను, సరిగ్గానే ఉంది. రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. చివరికి ఫోటాన్ల సంఖ్య పెంచుకుంటూ పోతే దొరికింది: కార్డులో వెయ్యి దారులుంటే నేను వెయ్యింటికీ రాండమ్ నంబర్ల విత్తనం, అంటే ఆ నంబర్ల వరసని మొదలుపెట్టే అంకె, ఒకటే ఇచ్చాను. అన్ని దారుల్లోనూ ఒకే పాచికలు, ఒకే అడుగులు. పదిలక్షల ఫోటాన్లు అనుకున్నది నిజానికి వెయ్యి ఫోటాన్లు, వెయ్యేసి సార్లు.

ఇందులో నాకు గట్టిగా గుర్తుండిపోయింది ఏమిటంటే, శక్తి లెక్క ఈ తప్పుని అప్పుడు పట్టుకోలేదు సరే, ఎప్పటికీ పట్టుకోవడం దాని వల్ల కాదు. ప్రతి ఫోటాన్ విడివిడిగా నిజాయితీగానే ఉంది, అన్నీ ఒకదానికొకటి నకళ్లు, అంతే. అప్పటినుంచి ఏ కోడ్ అయినా మూడు చూస్తాను: మొత్తం ఒకటి అవుతోందా, తెలిసిన సమాధానంతో కలుస్తోందా, ఫోటాన్లు వంద రెట్లు చేస్తే నలుసు నిజంగా పదో వంతుకి తగ్గుతోందా. మూడోది చాలామంది చూడరు. దయచేసి చూడండి.

సరే, ఇదంతా చేసి ఏం తెలుస్తుంది? తల సంగతి తీసుకుందాం. కాంతితో మెదడులో ఆక్సిజన్ చూడొచ్చని 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త చూపించాడు, ఇప్పుడు నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల మెదడుకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూసే పరికరాలు ఆ దారిలో వచ్చినవే. నుదుటి మీద ఒకచోట లైటు, దానికి 3 సెంటీమీటర్ల పక్కన డిటెక్టర్. పెద్దవాళ్ల తలలో ఆ 3 సెంటీమీటర్ల కోసం ఫోటాన్ నడిచే దారి సగటున 18 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. 0.1 మిల్లీమీటరుకి ఒక ఢీ చొప్పున దాదాపు 1,800 ఢీలు. వక్రీభవన గుణకం 1.4 వేసుకుంటే ఈ ప్రయాణమంతా ఒక నానోసెకను కూడా కాదు, 0.84 నానోసెకన్లు. బయటికొచ్చేసరికి దాని బరువు మొదటి దాంట్లో 3 శాతం లోపే. ఆ వచ్చిన వాటి దారులన్నీ ఒకదాని మీద ఒకటి గీస్తే లైటు దగ్గర మొదలై, లోపలికి వంగి, డిటెక్టర్ దగ్గర పైకి తేలే ఒక వంపు తిరిగిన ఆకారం వస్తుంది, ఈ రంగంలో దాన్ని అందరూ అరటిపండు అంటారు. మొదటిసారి నా తెరమీద ఆ అరటిపండు వచ్చినప్పుడు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. దాని మధ్యభాగం మాత్రమే మెదడుని తాకుతుంది. రెండు కొసలూ చర్మంలోనే, పుర్రెలోనే. అంటే మెదడు గురించి అని మనం చదువుతున్న సిగ్నల్లో నెత్తి చర్మంలో పారే రక్తం వాటా బోలెడంత ఉంది, సిగ్గుపడితే ముఖం ఎర్రబడినా అందులో కలుస్తుంది. అది తీసేయడానికి లైటుకి బాగా దగ్గరలో ఇంకో డిటెక్టర్ పెడతారు, దానికి వచ్చే కాంతి పైపైనే తిరిగొస్తుంది కాబట్టి చర్మం వాటా దాంతో తెలుస్తుంది. ఎంత దగ్గర పెట్టాలో ఎలా తెలిసింది? ఫోటాన్ల దారులు గీసి చూస్తేనే.

ఇంకో పరికరం మీ అందరికీ తెలిసినదే, వేలికి క్లిప్పులా పెట్టే పల్స్ ఆక్సీమీటర్. జపాన్‌కి చెందిన తకువో అవోయాగి 1970ల మొదట్లో కనిపెట్టిన ఉపాయం అది. 660 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణం, రెండూ వేలి గుండా పంపుతారు. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఎరుపుని చాలా ఎక్కువగా పీలుస్తుంది, 940 దగ్గర తేడా తిరగబడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే తీసుకుంటే చర్మం, ఎముక లాంటి మారనివన్నీ రద్దయిపోవాలి, మిగిలేది ధమని రక్తం లెక్కే. ఆలోచన నిజంగా అద్భుతం, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు.

కానీ ఆ "రద్దయిపోవాలి" అన్నచోట ఆగాలి. చెదరని కాంతికైతే అది పక్కా. చెదిరే కాంతికి దారి పొడుగు రంగు రంగుకీ మారుతుంది, లోపలున్న రక్తాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే ఈ పరికరాల్ని సూత్రంతో కాకుండా, మనుషుల మీద కొలిచి, ఆ పట్టికతో సరిచేస్తారు. మరి ఆ మనుషులు ఎవరు? 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ వచ్చింది. అమెరికాలో ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్న రోగుల్లో, ధమని రక్తం తీసి పరీక్షిస్తే నిజానికి 88 కంటే తక్కువున్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతివాళ్లలో 11.7 శాతం. ఆ సంఖ్యలు చదివిన రోజు నాకు వేరే పని చేయబుద్ధి కాలేదు. ఒకరికి ఆక్సిజన్ పెట్టాలా వద్దా అనే నిర్ణయం ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది.

చర్మపు పైపొరలో మెలనోసోమ్‌ల, అంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఉండే రేణువుల, వాటా లేత చర్మంలో సుమారు 1.3 నుంచి 6.3 శాతం, ముదురు చర్మంలో 18 నుంచి 43 శాతం అని ఈ రంగంలో వాడే లెక్క. ఒంటిమీద చాలాచోట్ల ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు దాకానే, అయినా కాంతి లోపలికి పోయేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ దాన్ని దాటాల్సిందే. మెలనిన్ 940 కంటే 660 దగ్గర ఎక్కువ పీలుస్తుంది. ఎల్‌ఈడీ కూడా ఒకే ఒక్క రంగు ఇవ్వదు, చుట్టుపక్కల కొన్ని నానోమీటర్లు కలుపుకునే ఇస్తుంది, మెలనిన్ అందులో పొట్టి తరంగాల వైపు ఎక్కువ కోసేస్తుంది. పైగా తిరిగొచ్చే వెలుతురు మొత్తంగా తగ్గి నలుసు పెరుగుతుంది. వీటిలో ఏది ఎంత తప్పు తెస్తోందో మనిషి మీద విడదీసి కొలవలేం, ఒకే మనిషి చర్మంలో మెలనిన్ ఒక్కటే మార్చి చూడటం కుదరదు కదా. సిమ్యులేషన్లో కుదురుతుంది, ఒక్క అంకె మార్చి మళ్లీ నడపడమే. అందుకే చర్మం మోడల్ కట్టే ప్రతివాళ్లనీ నేను బతిమాలి అడిగేది ఒకటే, లేత చర్మం అంకె ఒక్కటి పెట్టి, బొమ్మ బాగా వచ్చిందని వదిలేయకండి. ఆ 1.3 నుంచి 43 దాకా మొత్తం నడపండి.

ఇక వేలి దగ్గరికి వద్దాం. వేలి మందం 15 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్కసారి కూడా ఢీకొనకుండా తిన్నగా దాటే ఫోటాన్లు ఎన్ని? 1 పక్కన 65 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒకటి. అంటే టార్చ్ జీవితాంతం వెలిగినా ఒక్కటి కూడా రాదు. మనం చూసే ఎర్రటి వెలుతురంతా వందలసార్లు దారి మారి వచ్చిందే, ఎముక పక్కనుంచి చుట్టూ తిరిగొచ్చినవి, ఎముకలోకి దూరి బయటపడినవి, అన్నీ కలిసిపోయి ఎముక నీడ ఉండాల్సిన చోటుని నింపేస్తాయి.

అయితే వాటిలో కొన్ని తక్కువ వంకరతో ముందుగా వస్తాయి. తిన్నగా అయితే 70 పికోసెకన్లు పట్టే దారి అది. మా వేలి మోడల్లో ఆ టైమ్ దాటాక మరికొన్ని పదుల పికోసెకన్లలోపు చేరినవాటిని మాత్రమే ఉంచి, ఆలస్యంగా వచ్చినవన్నీ పక్కన పెట్టేశాను. కోడ్‌లో అది ఒక్క షరతు, నిజం పరికరంలో అయితే అంత వేగంగా తెరుచుకుని మూసుకునే డిటెక్టర్ కావాలి. మధ్యలో ఒక మసక చార కనిపించింది, రెండు వైపులా కాస్త వెలుతురు. చుక్కలు చుక్కలుగా, నలుసు నిండా ఉంది, ఆ గడువులోపు చేరిన ఫోటాన్లు మరీ తక్కువ. ఇప్పుడు వంద రెట్లు ఎక్కువ ఫోటాన్లతో మళ్లీ నడుస్తోంది, ఈసారి దారి దారికీ వేరే విత్తనంతో.